పద్నాలుగో సీసా

"నన్ను తాగమంటావా, వద్దంటావా? ఏదో ఒకటి తేల్చు," అన్నాడు నాన్న.

బల్ల మీద గ్లాసుంది. గ్లాసు నిండా నీళ్ళు. కిటికీలోంచి పడే పొద్దుటి వెలుగు అడుగుదాకా దిగేంత తేటగా ఉన్నాయి. బుల్లికి ఆ తేటదనమే భయంగా ఉంది. రంగు మారిన నీటికి మనిషి తనంతట తానే దూరం జరుగుతాడు. ఏ రంగూ, ఏ వాసనా లేనిదాన్ని చూసి ఎవరు జరుగుతారు?

"వద్దు నాన్నా."

"ఈ కుళాయి నీళ్ళు పద్దెనిమిదేళ్ళుగా తాగుతున్నాను. ఇవాళ కొత్తగా ఏమవుతుంది?"

"పొద్దున్నే అవేం మాటలండీ," అంది అమ్మ వంటగది గుమ్మంలోంచి.

ఆమె వెనకాల పొయ్యి వెలగలేదు. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. నిన్న సాయంత్రం బుల్లి విశ్వవిద్యాలయం నుంచి ఆ కాగితం పట్టుకొచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో వంట లేదు, టీ లేదు. పళ్ళు తోముకోవడానికి కూడా ఎవరూ కుళాయి విప్పలేదు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన నాన్నకు ఈ సంగతి చెప్పవలసి వచ్చింది. చెప్పి అరగంటయింది.

కాగితం గ్లాసు పక్కనే ఉంది. అందులో పద్నాలుగు వరసలు. పర్యావరణ సుస్థిరత విభాగంలో చివరి ఏడాది చదువుతున్న బుల్లి, తన సిద్ధాంత వ్యాసం కోసం, కుళాయిలకు మెరుగుపూత వేసే కర్మాగారం చుట్టూ ఉన్న భూగర్భజలాన్ని సీసాల్లో పట్టి పరీక్ష చేయించింది. పదమూడు సీసాలు కర్మాగారం మురుగుకాలువకు అవతల ఉన్న బావులవి. పద్నాలుగోది కాలువకు ఇవతల, కర్మాగారం తన పనివాళ్ళకు కట్టించిన కాలనీలో, తమ ఇంటి కుళాయిది. ఆ పదమూడూ ఎంత చెడ్డాయో చూపించాలంటే పక్కన ఒక మంచినీళ్ళ సీసా ఉండాలి. దాన్ని పోలిక నమూనా అంటారు.

మంచినీళ్ళు ఎక్కడ పట్టనని ఆమె అడిగినప్పుడు నాన్నే నవ్వి చెప్పాడు: "మన కుళాయి ఉండగా ఊరంతా తిరగడం ఎందుకు? ఈ చుట్టుపక్కల ఇంతకంటే మంచినీళ్ళు నీకు దొరకవు."

పదమూడు సీసాల్లోనూ క్రోమియం, ఆ పూతలో వాడే విషలోహం, ఉంది. అన్నిటికన్నా చెడ్డ బావిలో అది అనుమతించిన హద్దుకు రెండు రెట్లు. పద్నాలుగో సీసాలో ఏడు రెట్లు.

"సీసా సరిగా కడిగి ఉండవు," అన్నాడు నాన్న.

"మూడుసార్లు కడిగాను."

"ఏ నీళ్ళతో?"

"పట్టబోయే నీళ్ళతోనే. మూత కూడా కడిగాను. గాలిబుడగ లేకుండా అంచుదాకా నింపాను. నువ్వు నేర్పినట్టే."

ఆయన కర్మాగారంలో మురుగునీటిని శుద్ధిచేసే విభాగానికి ఆపరేటరు. కాలనీ మొత్తానికి ఆపరేటరుగారు. బుల్లికి ఏడేళ్ళున్నప్పుడు ఖాళీ సీసా చేతికిచ్చి నమూనా పట్టడం ఎలాగో ఆటలా నేర్పాడు. ఆ ఆటే పెరిగి పెద్దదై ఆమెకు చదువైంది. భుజాన సంచీ వేసుకుని బావుల వెంట తిరుగుతుంటే కాలనీ ఆడవాళ్ళు 'సీసాలమ్మ వచ్చింది' అని వేళాకోళం చేసేవారు. ఆయన ఆ మాటకు మురిసిపోయేవాడు.

"అయితే ల్యాబులో పొరపాటు జరిగింది," అన్నాడు.

"మొదటి అంకె చూసి నేనూ అలాగే అనుకున్నాను. అందుకే మళ్ళీ పట్టాను. ఆ తరవాత మూడోసారి పట్టాను. మూడూ ఒకే మాట చెప్పాయి నాన్నా."

నాన్న గ్లాసును వేలితో అటు జరిపాడు. మళ్ళీ ఇటు జరిపాడు. తాగలేదు.

"నువ్వా వ్యాసం ఎప్పటికి పంపాలి?"

"ఇవాళ నాలుగింటికి."

"పదమూడు వరసలతో పంపు."

"నాన్నా."

"తప్పు రాయమనడం లేదు. అబద్ధం ఆడమనడం లేదు. ఒక వరస తగ్గించమంటున్నాను. పదమూడు సరిపోవా నీ చదువుకి? పద్నాలుగైతేనే డిగ్రీ ఇస్తారా?"

"మరి ఈ నీళ్ళు?"

"మనం మానేద్దాం. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ ఈ నీళ్ళు ముట్టరు. సరేనా?"

మనం అన్న ఆ మాట ఆ ఇంట్లో నలుగురికి మాత్రమే సరిపోయేంత చిన్నదిగా ఉందని బుల్లికి తోచింది. కాలనీలో అరవై ఇళ్ళున్నాయి. అన్నిటికీ ఒకటే బోరు.

*

వంటగదిలో వదిన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది. ఏడో నెల. అన్నయ్య వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉంటే, నాలుగు నెలల కిందట ఇక్కడికి వచ్చింది. పెదవులు ఎండిపోయాయి. పొద్దున పక్కవీధి దుకాణంలో బుల్లి కొనుక్కొచ్చిన నీళ్ళ సీసా చేతిలోనే ఉంది కానీ సగం కూడా కాలేదు. ప్రతి గుక్కకూ ముందు సీసాను వెలుగులో పెట్టి చూస్తోంది.

"ఇందులో ఏముందో ఎవరికి తెలుసు," అంది నవ్వబోయి. నవ్వు రాలేదు. "నీ సంచీలో ఒక సీసా ఖాళీ ఉంటే దీన్నీ పరీక్ష చేయించకూడదూ?"

"అది మంచిదే వదినా. తాగు."

"మంచిదే అని మామయ్యగారూ అన్నారు."

అమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. చీరకొంగు చేతివేళ్ళకు చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంటోంది.

"దానికి నేనెప్పుడూ పచ్చినీళ్ళు ఇవ్వలేదే," అంది. కోడలిని కాదు, కూతురినీ కాదు, ఎదుటి గోడను చూస్తూ. "వచ్చిన రోజు నుంచి కాచే ఇచ్చాను. నాలుగు నెలలు. ఒక్క పూట తప్పలేదు. మూడోవంతు ఇగిరేదాకా మరగబెట్టి, చల్లార్చి, గుడ్డ కట్టి. దానికేం కాదు కదే? కాచినవి కదా?"

బుల్లి బోర్లించిన గిన్నెల వైపు చూపు తిప్పుకుంది.

"నిన్నే అడుగుతున్నాను."

విశ్వవిద్యాలయంలో ఈ ప్రశ్నకు జవాబు రెండు పంక్తులు. పరీక్షలో వస్తే రెండు మార్కులు. క్రిములు వేడికి చస్తాయి, లోహం చావదు. నీరు ఆవిరై పోతుంది, లోహం గిన్నెలో ఉండిపోతుంది. మూడోవంతు నీరు ఇగిరిపోతే మిగిలిన రెండువంతుల్లో మూడువంతుల విషమూ ఉంటుంది. ఆ లెక్కను బుల్లి రెండేళ్ళ కిందట తరగతిలో అందరికన్నా ముందు చేసి మెప్పు పొందింది.

"అమ్మా, కాచడం వల్ల..." అని ఆగింది.

అమ్మ ఆమె ముఖం చూసింది. అక్షరం కూడబలుక్కుని చదివే మనిషి, కూతురి ముఖాన్ని మాత్రం ఒక్క చూపులో చదవగలదు.

"ఎక్కువైందా?" అంది.

అమ్మ కొంగు చివర నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి వినపడకుండా ఆ ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని అదొక్కటే.

వదిన మాత్రం ఏడవలేదు. సీసా మూత బిగించి పక్కన పెట్టింది. రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది.

"మూడుసార్లు పట్టానన్నావు కదూ, ఇందాక మామయ్యగారితో?"

"అవును."

"మొదటి అంకె ఎప్పుడొచ్చింది బుల్లీ?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని నిన్నటి నుంచీ బుల్లికి తెలుసు. నాన్న అడుగుతాడనుకుంది.

"రెండు వారాలైంది."

"రెండు వారాలు," అంది వదిన. "ఆ రెండు వారాలూ నాకు గ్లాసు చేతికి అందించింది నువ్వే."

"పొరపాటేమో అనుకున్నాను వదినా. ఒక్క అంకె పట్టుకుని చెప్పకూడదంటారు. మూడుసార్లు అదే వస్తేనే నిజం అనాలి. అది పద్ధతి. నేనూ అవే తాగాను."

"నువ్వు తాగింది నీ కోసం. నేను తాగింది ఎవరి కోసమో నీకు తెలియదూ?"

గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట బుల్లిని కొట్టినట్టయింది. నిశ్చయంగా తెలిసేదాకా నోరు విప్పకపోవడం ఒక గొప్ప గుణమని ఆమెకు నేర్పినవాళ్ళున్నారు. నిశ్చయం కోసం ఎదురుచూసే రోజుల్లో గ్లాసు ఎవరి నోటి దగ్గర ఉంటుందో వాళ్ళెవరూ చెప్పలేదు.

"బిడ్డకి ఏమవుతుంది? నిజం చెప్పు," అంది వదిన.

"తెలియదు వదినా. డాక్టరు దగ్గరికి వెళదాం. రక్తం, మూత్రం పరీక్ష చేస్తారు. ఈ సాయంత్రమే వెళదాం."

"తెలియదా, చెప్పవా?"

"తెలియదు."

వదిన ఆమె కళ్ళలోకి చూసింది. నమ్మిందో లేదో ఆ చూపులో దొరకలేదు.

*

పదకొండు గంటలకు బుల్లి తన గదిలో తలుపు వేసుకుని మేడమ్‌కు ఫోన్ చేసింది. వ్యాసానికి మార్గదర్శకురాలు ఆవిడే.

"చూశాను," అంది మేడమ్. "నిన్ననే చూశాను. పోలిక నమూనా చెడిపోయింది. ఇలా జరుగుతూ ఉంటుంది. కంగారుపడకు."

"నమూనా చెడిపోలేదు మేడమ్. నీళ్ళు చెడిపోయాయి."

"నీ ఇల్లే పోలికగా తీసుకోవడం మొదటి తప్పు. పరిశోధకురాలికి ఆ ఇంటితో సంబంధం ఉంది. రేపు మౌఖిక పరీక్షలో ఎవరైనా అదే పట్టుకుంటారు. ఆ వరస తీసేసి, ఎగువన ఎక్కడైనా మరో చోటు పోలికగా పెట్టుకో. నమూనాకి పదిరోజుల గడువు నేనిప్పిస్తాను. ఇది పద్ధతిలో ఉన్నదే."

"తీసేసినట్టు ఎక్కడైనా రాయమంటారా?"

"రాయక్కర్లేదు."

"అరవై ఇళ్ళు తాగుతున్నాయి మేడమ్. మా వదిన కడుపుతో ఉంది."

"అందుకు నాకు బాధగా లేదనుకుంటున్నావా?" మేడమ్ గొంతు తగ్గింది. "మన ప్రయోగశాలలో నువ్వు కొలిచిన ఆ యంత్రం ఎవరిచ్చారో దాని మీద ఉన్న పలక చదివావా?"

చదివింది. ఇత్తడి పలక. దాని మీద ఆ కర్మాగారం పేరు, ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మ. విషాన్ని ఉత్పత్తి చేసినవారే దాన్ని కొలిచే సాధనాన్ని బహూకరించారు. బహూకరించిన సభలో విద్యార్థులందరి చేతా చప్పట్లు కొట్టించారు. ఆ రోజు ముందు వరుసలో నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళలో బుల్లి ఉంది. సిబ్బంది తరఫున వచ్చిన నాన్న ఉన్నాడు.

"నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా," అంది మేడమ్. "రోజూ మురుగునీటి నాణ్యత మీద సంతకం పెట్టేది మీ నాన్నగారని నువ్వే కదా చెప్పావు. ఆ వరస అచ్చులోకి వస్తే మొదట పిలిచేది యజమానిని కాదు. సంతకం ఎవరిదో వాళ్ళని. ఆలోచించుకో."

ఫోన్ పెట్టేశాక బుల్లి తెర మీద ఆ పట్టికనే చూస్తూ కూర్చుంది. రెండేళ్ళుగా తాను రాసిన వ్యాసాలన్నిటిలోనూ మనుషులు నీళ్ళు తాగినట్టు ఎక్కడా లేదు. 'జనాభా ప్రభావానికి లోనవుతుంది' అని ఉంది. ఆ వాక్యంలో వదిన లేదు, వదిన చేతిలో గ్లాసు లేదు. వాక్యం చాలా శుభ్రంగా ఉంది.

పద్నాలుగో వరసను ఎంచింది. అది నీలంగా మెరిసింది. తొలగించే మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసేసింది.

*

నాన్న నిద్రపోలేదు. పెరట్లో బట్టలు ఉతికే రాయి మీద కూర్చుని ఉన్నాడు. షిఫ్టు చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది.

"క్యాన్లు వస్తాయి," అన్నాడు ఆమెను చూడకుండా. "మా ఇంజినీరుగారికి ఫోన్ చేశాను."

"ఏమని?"

"కోడలికి ఒంట్లో బాగాలేదు, మంచినీళ్ళ క్యాన్లు కావాలని. అంతే."

"కారణం అడగలేదా?"

"లేదు."

అన్నాక తానే ఆగాడు. కిందటేడు కాలు విరిగి సెలవు అడిగితే కట్టు విప్పి చూపించమన్న మనిషి ఆ ఇంజినీరు. ఆయన కారణం అడగకుండా సరేననడంలో ఏదో తేడా ఉందని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"ఆ కాగితం ఇంకోసారి ఇలా ఇవ్వు," అన్నాడు నాన్న.

పెదవులు కదుపుతూ అంకెను రెండుసార్లు చదువుకున్నాడు.

"బుల్లీ, నేను ఒకటి చెబుతాను. మధ్యలో మాట్లాడకు."

ఆమె తలూపింది.

"తనిఖీకి పంపే నమూనా సీసాలో శుద్ధిచేసిన నీళ్ళు నిండా పట్టం. పావు వంతు పడతాం. ముప్పావు మంచినీళ్ళు కలుపుతాం. నాకంటే ముందు చేసిన ఆపరేటరు అదే చేశాడు. నాకు అప్పజెప్పేటప్పుడు అదీ ఒక పనిలాగే నేర్పాడు. ఏడేళ్ళుగా నేనూ చేస్తున్నాను."

నాన్న కాగితం వైపు చూస్తూనే ఉన్నాడు.

"ఈ ఏడాది మొదటి నుంచి అంకె దిగడం మానేసింది. మంచినీళ్ళు ఎంత కలిపినా దిగదు. నీటిని శుద్ధిచేసే మందులు కల్తీవి వస్తున్నాయేమోనని స్టోరువాడితో దెబ్బలాడాను. ఇంకా కలిపాను. అయినా దిగలేదు. చివరికి నాలుగు నెలలుగా అంకె నేనే చేత్తో రాస్తున్నాను." కాగితం మీద పద్నాలుగో వరస దగ్గర బొటనవేలు పెట్టాడు. "ఎందుకు దిగలేదో ఇప్పుడు తెలిసింది. ఆ మంచినీళ్ళు ఇక్కడివే. ఈ కుళాయివే. డ్యూటీకి వెళ్ళేటప్పుడు రోజూ డబ్బాలో పట్టుకెళ్ళేవాణ్ణి. ప్లాంటులో నీళ్ళ కంటే మన ఇంటివి శుభ్రమని."

పెరట్లో తీగ మీద ఆరేసిన చీర ఒకటి గాలికి కదిలింది.

"బోరులోకి ఎలా వచ్చింది నాన్నా?"

"పిల్లల పార్కు ఉంది చూశావూ. కాలనీ కట్టకముందు అక్కడ గుంట. ప్లాంటు అడుగుమడ్డి అంతా అందులో పోసి మట్టి కప్పారు. నాకు పాతికేళ్ళు అప్పుడు. నేనూ పోశాను. కింద గట్టి బంకమన్ను ఉంది, దిగదన్నారు." ఆగాడు. "దిగిందన్నమాట."

"ఇదంతా రాయాలి నాన్నా."

"రాస్తే నన్ను పట్టుకెళతారు."

ఆ మాటను ఆయన విసురుగా అనలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు అన్నాడు. బుల్లి ఆయన చేతుల వైపు చూసింది. చిన్నప్పుడు సీసా పట్టుకున్న తన చేతి మీద చెయ్యి వేసి, నీటి కిందకి నెమ్మదిగా ముంచడం నేర్పిన మనిషి. ఆ చేతినే సంకెల దాకా తాను నడిపించాలి.

"నాకు ఆరు నెలల టైమివ్వు," అన్నాడు. "రిటైరవుతాను. తరవాత అందరికీ మెల్లగా చెబుతాను. ఇప్పుడు మాత్రం వరస తీసెయ్యి."

"ఆరు నెలలు ఆ ఇళ్ళవాళ్ళు ఏం తాగాలి?"

నాన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

*

మూడు దాటాక, బుల్లి వ్యాసం ఇంకా పంపకముందే, వ్యాను వచ్చింది. ఇంటి ముందు ఆగి రెండుసార్లు హారన్ కొట్టింది. నీళ్ళ వ్యాను మనిషి నీలం క్యాన్లు ఒక్కొక్కటే భుజాన వేసుకుని అరుగు మీద దించాడు. మొత్తం అయిదు.

"రోజు విడిచి రోజు వస్తానమ్మా," అన్నాడు అమ్మతో. "ఖాళీవి గేటు దగ్గర పెట్టండి చాలు. ఇవాళ్టి నుంచి మీ ఇల్లు కూడా నా లిస్టులో ఉంది."

"లిస్టేమిటి బాబూ?" అంది అమ్మ.

"ఆఫీసు లిస్టండీ. మేనేజరుగారి ఇల్లు, ఇంజినీరుగారి ఇల్లు, ఆ వరసలో ఆరిళ్ళు. మీది ఏడోది."

అరుగు మీద నిలబడ్డ నాన్న ఒక మెట్టు దిగాడు.

"వాళ్ళకి ఎప్పటి నుంచి వేస్తున్నావు?"

"రెండేళ్ళు దాటిందండీ. పండగైనా పబ్బమైనా ఆపకూడదని ఆర్డరు. స్నానాలకి కూడా ఇవే వాడతారనుకుంటాను, అన్ని దించుతాను." నవ్వాడు.

బుల్లి నాన్న ముఖంకేసి చూసింది. రెండేళ్ళుగా వాళ్ళకు తెలుసు. ఏ కాగితం మీద సంతకం కావాలో ఆ కాగితం రోజూ ఆయన ముందు పెట్టారు. ఏ నీళ్ళు తాగకూడదో ఆ నీళ్ళు ఆయన ఇంటికి వదిలారు. వాళ్ళ దృష్టిలో ఆయన ఎంతటి మనిషో ఆయనకు ఇప్పుడు ఈ వ్యాను మనిషి నోట తెలిసింది. ఆ ముఖంలో ఉన్నది కోపమో భయమో ఆమెకు అర్థం కాలేదు.

"ఏమిటి పిన్నిగారూ, ఏదో జోరుగా దిగుతోంది?"

ఎదురింటి ఫిట్టరు భార్య. నాలుగేళ్ళ కూతురిని వేలు పట్టుకుని గేటు తోసుకుని వచ్చింది. "చుట్టాలొస్తున్నారా? సీసాలమ్మకి సంబంధం గాని కుదిరిందా, మాకు చెప్పకుండా?"

"అబ్బే, అదేం లేదమ్మా," అంది అమ్మ. కళ్ళు వాచి ఉన్నాయి, మాట మాత్రం తడబడలేదు. "కోడలికి ఒంట్లో నలతగా ఉంది. డాక్టరు ఈ నీళ్ళు పట్టమన్నాడు."

"అదృష్టవంతురాలు. నేను మోసినప్పుడు నన్నడిగిన నాథుడు లేడు. ఇదే కుళాయి, ఇదే బిందె. అయినా చూడండి, ఎలా దూకుతోందో."

పిల్ల నిజంగానే దూకుతోంది. తల్లి వేలు విడిపించుకుని పెరటి మలుపు దగ్గరున్న కుళాయి దాకా పరుగెత్తింది. రెండు చేతులా విప్పింది. దోసిలి పట్టింది. ఎండలో ఆడి వచ్చిన పిల్ల చేసే పనే అది. ఆ కాలనీలో ఎవరి కుళాయి అయినా ఎవరి పిల్లలదైనా ఒకటే.

బుల్లి కదిలేలోగా అమ్మ కదిలింది. మోకాళ్ళ నొప్పులతో మెట్టు దిగడానికి గోడ పట్టుకునే మనిషి గోడ పట్టుకోలేదు. పిల్ల దోసిలిని కింద నుంచి ఒక్క తోపు తోసింది. నీళ్ళు పిల్ల గౌను మీద, అమ్మ చీర మీద పడ్డాయి. రెండో చేత్తో కుళాయి కట్టేసి, కట్టేసిన కుళాయిని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పిల్ల బిత్తరపోయి ఏడుపు అందుకుంది.

"పిన్నిగారూ," అంది ఫిట్టరు భార్య. గొంతులో వేళాకోళం పోయింది. "పసిపిల్ల. దాహమేసి తాగబోతే అలా కొడతారా?"

"కొట్టలేదమ్మా."

"మరి?"

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న క్యాన్ల వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ వదిన ఎవరినీ చూడలేదు.

ఫిట్టరు భార్య తెలివితక్కువ మనిషి కాదు. అరుగు మీద క్యాన్లు చూసింది. అమ్మ వాచిన కళ్ళు చూసింది. కట్టేసిన కుళాయిని చూసింది. పిల్లను దగ్గరికి లాక్కుని, తడి చేతులను తన కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"బుల్లీ. నువ్వు మొన్న ఈ కుళాయి దగ్గర కూడా సీసా పట్టుకుని నిలబడ్డావు కదూ. ఏమిటిది?"

బుల్లి ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది. రెండు వారాలు ఆగినదానికి ఇంట్లో ఒకరి కళ్ళలోకి చూసే ముఖం లేకుండా పోయింది. ఇక ఆగడానికి ఆమె దగ్గర ఏ పద్ధతీ మిగల్లేదు.

"ఈ నీళ్ళు తాగకూడదక్కా. పాపకి ఇవ్వకు. కాచి కూడా ఇవ్వకు. మీ ఇంట్లోదీ ఇదే నీరు."

పిల్ల ఏడుపు ఆపి తల్లి ముఖంలోకి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ఫిట్టరు భార్య.

బుల్లి చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. అందులో ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఎంత ఉందో ఉంది కానీ ఎప్పటి నుంచి ఉందో లేదు. అది చెప్పగలిగిన మనిషి అక్కడ ఒక్కరే.

ఆమె నాన్న వైపు తిరిగింది. ఆమెతోపాటు ఫిట్టరు భార్య తిరిగింది. అమ్మ తిరిగింది. గుమ్మంలోంచి వదిన కూడా తల తిప్పింది.

వాకిలి బయట వ్యాను ఇంకా కదల్లేదు. క్యాన్ల మనిషి తలుపు తెరిచి పట్టుకుని, ఎక్కకుండా, ఇటే వింటున్నాడు. ఫోన్ చెవి దగ్గర ఉంది. ఎవరితోనో నెమ్మదిగా అంటున్నాడు: "అవునండీ, ఆపరేటరుగారి ఇంటి దగ్గరే ఉన్నాను."

నాన్న ఒకసారి వ్యాను వైపు చూశాడు.

"బుల్లీ, గేటు వేసిరా," అన్నాడు.

ఆమె వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది. తన వెనక ఆ వాకిట్లో నాన్న నోరు విప్పబోతున్నాడో, ఆ తల్లి నోరు మూయించబోతున్నాడో ఆమెకు తెలియలేదు. గడియ పెట్టడానికి మనసు రాలేదు. చెయ్యి తీసెయ్యడానికీ రాలేదు.